షుగర్ పుండు మందులకు లొంగకపోతే: మా అమ్మ విషయంలో ఏం జరిగిందంటే

మీ నాన్నగారి అరికాలి పుండు మూడు నెలలుగా మానడం లేదనీ, మాత్రలు వాడినన్నాళ్ళు తగ్గి, ఆపగానే మళ్ళీ రసి కారుతోందనీ, డాక్టరు ‘బయోఫిల్మ్’ అన్నారనీ రాశారు. చదువుతుంటే మా అమ్మ కాలే గుర్తొచ్చింది. నేను డాక్టర్ని కాను, ఎనిమిది నెలలు ఆమెకు కట్లు కట్టాను, అంతే.

అమ్మకు బొటనవేలి కింద ఆనె పగిలి పుండు పడింది. స్పర్శ లేక నొప్పే తెలియలేదు. మొదట ఇంట్లో పసుపు అద్దాం. అది పుండులో గడ్డకట్టి, లోతెంతో కనబడకుండా చేసింది. మీరు ఆ పని చేయకండి. తర్వాత ఒకచోట యాంటీబయాటిక్ మూడు కోర్సులు మార్చి మార్చి ఇచ్చారు. ఫలితం లేదు.

చివరికి ఒక సర్జన్ అమ్మకే అర్థమయ్యేలా చెప్పారు: “పళ్ళ మీద పాచి పుక్కిలిస్తే పోతుందా అమ్మా? తోమాలి కదా. ఇదీ అలాంటిదే.” నిజంగానే పళ్ళ పాచి కూడా బయోఫిల్మే. బాక్టీరియా గుంపుగా అతుక్కుని, చుట్టూ జిగురు అల్లుకుంటుంది. మందు లోపలికి సరిగా దిగదు. లోపలివి ఎదుగుదల ఆపేసి నిద్రపోతున్నట్టు ఉంటాయి, చాలా యాంటీబయాటిక్స్ ఎదిగే వాటినే బాగా చంపుతాయి. పైన కనిపించే పచ్చటి పొరంతా బయోఫిల్మ్ కాదు, అందులో చాలావరకు చచ్చిన కండ. అసలుది మైక్రోస్కోప్‌లోనే కనిపిస్తుంది.

ముందు డాప్లర్ తీసి కాలికి రక్తం బాగానే అందుతోందని చూసుకుని, అప్పుడు బ్లేడుతో గీకారు. ఎర్రగా రక్తం చెమర్చేదాకా! నాకు టెన్షన్‌తో కాళ్ళు వణికాయి, అమ్మ మాత్రం కదలలేదు. గీకాక రెండు మూడు రోజుల్లో ఆ పొర మళ్ళీ కట్టడం మొదలవుతుందట. అందుకే గీకిన వెంటనే వేసే డ్రెస్సింగ్ కీలకం, వారం వారం మళ్ళీ గీకడమూ తప్పలేదు. అయోడిన్ మందు రాయబోతే అమ్మకు థైరాయిడ్ ఉందని చెప్పాను. వెంటనే వెండి ఉన్న డ్రెస్సింగ్‌కు మార్చారు. మీరూ అలాంటివి దాచకుండా చెప్పండి. కల్చర్‌కు (ఏ బాక్టీరియా ఉందో తేల్చే పరీక్షకు) కూడా పైపైన దూదితో అద్దకుండా, శుభ్రం చేశాక లోపలి కండ ముక్క పంపారు.

నా దృష్టిలో సగం వైద్యం మాత్రం పుండు మీద బరువు పడకుండా చూడటమే. అమ్మ పొద్దున్నే తులసికోట దాకా వట్టి కాళ్ళతో నడిచేది. కాలికి కాస్ట్ (పిండికట్టు లాంటిది) వేశాకే అది ఆగింది, పుండు చిన్నదవడం అప్పుడే మొదలైంది. మానాక ఎంసీఆర్ చెప్పులు, అంటే షుగర్ కాళ్ళకు వాడే మెత్తటి రబ్బరు చెప్పులు. ఇంట్లో కూడా అవే.

ఎరుపు పాకినా, నల్లబడినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తగిలినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆ రోజే తీసుకెళ్ళండి. డాప్లర్ చేయించారా? చేయించకపోతే రేపే అడగండి.