లేబర్ షెడ్లలో ఆరోగ్య సర్వే: ముందు మేస్త్రీ లేని చోటు చూసుకోండి

బెంగళూరులో బిల్డింగ్ పనులకు వచ్చిన తెలుగు కూలీల ఒంటి ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం మీద ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ప్రాజెక్టు చేస్తున్నానని, ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయని, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని మీరు అడిగారు. సర్జాపుర రోడ్డు వైపు షెడ్లలో ఇలాంటి సర్వేకే పనిచేశాను కాబట్టి చెబుతున్నా. ప్రశ్నల సంగతి తర్వాత. వాళ్ళు ఎవరి కళ్ళెదుట జవాబు చెబుతున్నారో ముందు చూసుకోండి.

కర్నూలు, అనంతపురం, పాలమూరు నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వస్తారు. అది తీరేదాకా ఆయన మాట కాదనలేరు. సైటు ఆఫీసులో పర్మిషన్ అడిగితే మనల్ని ఆ మేస్త్రీకే అప్పగిస్తారు, ఆయన మనుషుల్ని పిలిచి వరసగా నిలబెడతాడు. ఒకావిడ సిమెంటు బొచ్చె పక్కన పెట్టి, ఆయన వైపు చూస్తూనే అన్నిటికీ "ఏం లేదు మేడమ్, బాగానే ఉన్నాం" అంది. ఆదివారం బట్టలుతికే తొట్టి దగ్గర ఆవిడే "అక్కా, ఇటు రా" అని పిలిచి, సిమెంటుకు వేళ్ళ సందుల్లో పగిలిన చర్మం చూపించింది. ఊళ్ళో అవ్వ దగ్గర వదిలి వచ్చిన కూతురి మాట ఎత్తి, రాత్రిళ్ళు గుండె దడతో లేచి కూర్చుంటున్నానంది.

అందుకే ఆదివారం వెళ్ళండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం, సర్వేకు ఒప్పుకున్నట్టు చదువు రానివాళ్ళ వేలిముద్ర తీసుకునేటప్పుడు, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. చేతిలో పెన్నుంది కదా అని మేస్త్రీతోనో సైటు సూపర్‌వైజరుతోనో ఆ సాక్షి సంతకం పెట్టించకండి. మీకు జవాబులు చెప్పడానికి వాళ్ళు పని మానుకుని కూర్చుంటే ఆ కూలి డబ్బు ఇవ్వడానికి అవే మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి. బడ్జెట్‌లో రాసుకోండి.

డిప్రెషన్ ఉందేమో చూడటానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నాపత్రం వాడతారనుకుంటా. తొమ్మిది ప్రశ్నలు, గత రెండు వారాల గురించి, మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే శ్రద్ధగా చూడాలంటారు. అందులో నిద్ర, నీరసం, ఆకలి కూడా ఉన్నాయి. పొద్దంతా ఇటుకలు మోసి, రేకుల షెడ్డు ఉక్కలో, దోమల మధ్య పడుకునే మనిషికి నిద్ర పట్టకపోవడానికి, నీరసం రావడానికి దిగులే ఉండాలా? రక్తం తక్కువైనా నీరసమే. కాబట్టి ఒట్టి మార్కు రాసుకుని వచ్చేయకండి. నిద్ర ఎందుకు పట్టట్లేదో అడిగి, వాళ్ళ మాటల్లోనే పక్కన రాయండి. వీలైతే హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేసి, ఎంత ఉందో అక్కడికక్కడే చెప్పండి. మన థీసిస్ కంటే ఆ నంబరు వాళ్ళకు ఎక్కువ అవసరం.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపించడం గురించి. అవునంటే ఏం చేస్తారో తేల్చుకోకుండా షెడ్డులో అడుగు పెట్టొద్దు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, మానసిక సమస్యలున్నవాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందట్లేదని తేలింది. జబ్బు పేరు చెప్పి వదిలేస్తే వాళ్ళంతట వాళ్ళు ఆసుపత్రికి వెళ్తారనుకోకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ ఫోన్ నుంచే కలిపి, పక్కనే కూర్చోండి. మర్నాడు నిమ్హాన్స్‌కు తోడు వెళ్ళే మనిషిని, ఆటో ఖర్చును ముందే సిద్ధం చేసుకోండి. పరిశోధనకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి ఇచ్చే కాగితంలో ఆ మనిషి పేరు కూడా రాయండి.