ఆటు సమయం చూసుకుని బయల్దేరు

చిరంజీవికి,

పెదనాన్న ఆశీస్సులు. ఆదివారం సముద్రం పక్క రోడ్డు మీద పెట్టుకున్న ప్రయాణాన్ని వాన సూచన చూసి మానేద్దామా అని నిన్న ఫోన్‌లో అడిగావు. తుపాను హెచ్చరిక ఉంటే మారుమాట లేదు, ఇంట్లోనే ఉండండి. వేటకు వెళ్లేవాళ్లను కడలిలోకి దిగొద్దన్న రోజున మనకూ ఒడ్డున పని లేదు. కానీ నువ్వు చెప్పింది మామూలు ముసురు. ముసురు పట్టిన రోజుల్లో అలాంటి రోడ్ల మీద నేనూ మీ పెద్దమ్మా ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నాం. మేం చూసిన వాటిలో మంచివన్నీ ఆ రోజుల్లో కనబడ్డవే. అందుకే మానొద్దు అంటున్నాను.

నీ ప్లాన్‌లో మాత్రం ఒకటి మార్చు. కిలోమీటర్లు లెక్కేసి, ఏ చోటికి ఎన్నింటికి చేరాలో రాసుకున్నావు. వాన రోజున ఆ లెక్క నిలవదు, నిలబెట్టాలని చూస్తే స్పీడ్ పెంచాల్సి వస్తుంది. దూరం సగానికి కోసెయ్. ఆ రోజు ఆటుపోట్ల సమయాలు చూసి, ఆటు పూర్తిగా తీసే వేళకు నువ్వు ఇసుక మీద నడవగలిగే చోట ఉండేలా బయల్దేరు. పోటు వేళకు కారులోనో, ఎత్తు మీద ఏదైనా పైకప్పు కిందో ఉండు. మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి.

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు వస్తాయి, ఒకదానికి మరోదానికి మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే రోజురోజుకూ సమయం సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది, నిన్నటి టైమ్ ఇవాళ పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటు బాగా పైకి వస్తుంది, ఆటు బాగా లోపలికి తీస్తుంది. ఇంకో సంగతి. గాలి పీడనం ఒక్క హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రమట్టం ఇంచుమించు 1 సెంటీమీటరు పెరుగుతుంది. దానికి ఒడ్డు వైపు వీచే గాలి తోడైతే నీళ్లు ఆటుపోట్ల టేబుల్‌లో రాసినదాని కంటే పైకే వస్తాయి. కాబట్టి ముసురు రోజున ఆ అంకెను కనీస మట్టం అనుకో, హద్దు అనుకోవద్దు.

ఈ సంగతి నాకు నేర్పింది ఒక వాగు. ఒకసారి వాగు సముద్రంలో కలిసే చోటికి కాస్త పైన, చప్టా మీద నీళ్లు పారుతుంటే ఆగిపోయాం. ముందున్న బండి దాటేసింది. నాకూ దాటాలనిపించింది. మీ పెద్దమ్మ నా చేతి మీద చెయ్యి వేసి వద్దంది. పారే నీళ్లు 30 సెంటీమీటర్ల లోతుంటే చాలు చిన్న కారు తేలిపోతుంది, 60 ఉంటే పెద్ద బండైనా నిలవదు. ఆ లోతు కారులో కూర్చుని కనిపెట్టలేం, కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో కూడా తెలియదు. ఇలాంటిచోట ఎవరు దాటినా నువ్వు దాటకు. అక్కడ గట్టు మీద నిలబడ్డ ఒక పెద్దాయన, "పోటు అడ్డం కొడుతోంది బాబూ, ఆటు తీస్తే అదే దిగుతుంది" అన్నాడు. వాన నీరు దిగాలంటే సముద్రం దారివ్వాలని నాకు అప్పుడే తెలిసింది.

మూడు గంటలు ఆగాం. వాన కాస్త వెలిసింది, ఆటు తీస్తోంది, ఊరికే ఇసుక మీద నడుచుకుంటూ వెళ్లాం. దూరంగా నల్లటి గుంజలు వరుసగా కనబడితే పాత కంచె అనుకున్నాను. దగ్గరికి వెళ్తే రెండు వరుసలున్నాయి, రెండూ ఒకదాని వైపు ఒకటి వంగి ఉన్నాయి. చెక్క ఓడ పక్కటెముకలవి! కూర్చుని చూశాను. కర్ర తడిసి బొగ్గులా నల్లగా ఉంది. నిండా పెన్సిల్ దూరేంత రంధ్రాలు, ఒక్కో రంధ్రం గోడకు సున్నం పూసినట్టు సన్నటి తెల్లపొర. ఓడల కర్రను తొలిచే పురుగని పిలిచే ఆ ప్రాణి నిజానికి నత్తగుల్లల జాతిది, తను తొలిచిన దారికి అలా పూత పూసుకుంటుంది. మేకులు తుప్పు పట్టి, ఆ తుప్పు చుట్టుపక్కల ఇసుకను కరిపించుకుని, పిడికిలంత గడ్డలయ్యాయి. మీ పెద్దమ్మ ఆ గడ్డ మీద చెయ్యి పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. మళ్లీ నెలకు అదే చోటికి వెళ్తే ఉత్త ఇసుక, ఏమీ లేదు.

అదెలాగో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఉధృతమైన అలలు ఒడ్డు ఇసుకను లాక్కెళ్లి కొంచెం లోపల మెట్టగా పోస్తాయి, నెమ్మదైన రోజుల్లో చిన్న అలలు దాన్నే తిరిగి తెచ్చి కప్పుతాయి. 2004 డిసెంబరు సునామీ తర్వాత మహాబలిపురం ఒడ్డున చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. 2014 మొదట్లో తుపాను అలలకు వేల్స్‌లోని బోర్త్ తీరాన 4,500 ఏళ్ల నాటి అడవి మొదళ్లు తేలాయి. అంత పెద్దవి మనకు కనబడకపోవచ్చు. అయినా గాలివాన పడిన మర్నాడో, ఆ మూడో రోజో ఒడ్డు మామూలుగా ఉండదు. అలాంటిదేమైనా కనబడితే ఫోటో తీసుకో, చోటు గుర్తు పెట్టుకుని పురావస్తు శాఖ వాళ్లకు చెప్పు. ఒక్క ముక్క కూడా పీకకు. నీళ్లలో నానిన కర్ర ఇంటికొచ్చి ఆరితే పగిలి పొడైపోతుంది.

చిన్నవి మాత్రం ప్రతిసారీ దొరుకుతాయి. ఇసుక మీద నల్లటి, ఎర్రటి చారలు చూడు. తేలిక రేణువుల్ని అల తీసుకుపోగా మిగిలిన బరువు ఖనిజాలవి, ఎరుపు చాలాసార్లు గార్నెట్‌ది. జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లు, నలుపులో మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం ఉంటే మీసంలా అంటుకుంటుంది. తెల్లగా, తేలిగ్గా, పడవ ఆకారంలో ఒకటి దొరుకుతుంది. దాన్ని సముద్ర ఫేనం అంటారు గానీ అది నురుగు కాదు, కటిల్‌ఫిష్ అనే సముద్రప్రాణి ఒంట్లో ఉండే పెంకు. విరిచి చూస్తే పుస్తకం కాగితాల్లా సన్నటి పొరలుంటాయి, ఆ పొరల మధ్య గాలితోనే ఆ ప్రాణి నీళ్లలో తేలుతూ మునుగుతూ తిరుగుతుంది.

కోన్ ఆకారంలో అందమైన గుల్ల కనబడితే మాత్రం ముట్టుకోకు. లోపల ప్రాణి బతికి ఉంటే విషపు ముల్లుతో పొడుస్తుంది, వాటిలో మనిషి ప్రాణం తీసేవీ ఉన్నాయి. నీలం గాలిబుడగకు పొడుగు దారాలు వేలాడినట్టుండేదీ అంతే, చచ్చి ఒడ్డున పడ్డా ఆ దారాలు కాలుస్తాయి. ఇది కోడలితో కూడా చెప్పు. మెరిసేది చూస్తే చెయ్యి ముందుకు పోతుంది, ఎవరికైనా.

బండరాళ్ల మీదికి ఎక్కే ముందు పది పదిహేను నిమిషాలు నిలబడి అలల్ని చూడు. ఎండిన రాయికీ తడిసిన రాయికీ మధ్య గీత ఉంటుందిగా, ఆ తడి అల చేసినదే. కానీ వానలో అన్నీ తడిసి ఆ గీత చెరిగిపోతుంది. అందుకే వాన పడుతుంటే రాళ్ల జోలికే వద్దు. సముద్రానికి ఎప్పుడూ వీపు పెట్టకు. ఉరుము వినబడిందంటే కారులోకి వచ్చెయ్, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగు. కొండ అంచు కింద, నానిన మట్టి గట్టు కింద కారు ఆపకు. ఇసుక గట్టిగా కనిపిస్తోందని దాని మీదికి దింపకు. ఒకసారి నేను దింపితే చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి. పోటు వచ్చేలోగా లాగడానికి ఊళ్లోవాళ్లు ఎనిమిది మంది కావాల్సి వచ్చింది. ఆ రోజు నాకు పట్టిన వణుకు ఇంకా గుర్తుంది.

కారు సంగతి కూడా చెప్తాను. అద్దం మీద వైపర్ తిప్పినకొద్దీ పాలపొరలా మసక పెరుగుతుంటే వేలితో తుడిచి నాలుకకు తాకించు, ఉప్పగా ఉంటుంది. అది సముద్రపు తుంపర. వైపర్‌తో రుద్దితే పోదు, రెండు సీసాల మంచినీళ్లు దగ్గరుంచుకుని కడుగు. లోపల ఆవిరి పడితే ఏసీ వేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టు. చాలా రోజుల తర్వాత పడే మొదటి వానకు రోడ్డు మీది ఆయిలూ దుమ్మూ కలిసి జారుడు ఎక్కువ, మొదటి అరగంట మరీ నెమ్మదిగా వెళ్లు. నీళ్ల మీద స్టీరింగ్ ఉన్నట్టుండి తేలికైపోతే టైరు రోడ్డును వదిలేసిందని అర్థం. బ్రేకు తొక్కకు, యాక్సిలరేటర్ మీద కాలు మెల్లగా తీసి స్టీరింగ్ తిన్నగా పట్టుకో. టైరు గాడి 1.6 మిల్లీమీటర్లుంటే చాలని చాలా దేశాల్లో రూలు. వాన రోడ్డుకు నేనైతే 3కి తక్కువ ఒప్పుకోను.

వాన జోరందుకుని మూడు గంటలు కదల్లేకపోతే టెన్షన్ పడకు. ఎత్తైన చోట కారు ఆపి, సముద్రాన్ని చూస్తూ కూర్చోండి. గట్టి వాన పడేటప్పుడు చిన్న అలలు అణిగి నీటి మొహం నున్నగా అవుతుంది. నావికులకు ఇది ఎప్పటినుంచో తెలుసు. ప్రతి చినుకూ పైనీటిని కిందికి దింపి కలియబెట్టడం వల్ల అలా అవుతుందని 1875లో ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ వివరించాడు, నువ్వు ఇంజినీరింగ్‌లో చదివిన రేనాల్డ్స్ నంబర్ ఆయనదే. మొదటిసారి అది గమనించినప్పుడు నేను కారు దిగి నిలబడి తడిశాను, అంత బాగుంది.

చీకటి పడితే లైట్‌హౌస్ కోసం చూడు. ఏ లైట్‌హౌస్ మెరుపు దానిదే, ఎన్ని సెకన్లకు ఎన్నిసార్లు వెలుగుతుందన్నదే దాని పేరు లాంటిది. 1823లో ఫ్రాన్స్‌లోని కోర్డువాన్ లైట్‌హౌస్‌లో ఫ్రెనెల్ అనే శాస్త్రవేత్త తన గాజు వలయాల లెన్స్ పెట్టిన దగ్గర్నుంచి చిన్న దీపం కూడా చాలా దూరం కనబడసాగింది. వాచీ పెట్టుకుని మెరుపుల్ని లెక్కపెట్టండి. చిన్నప్పుడు మీ నాన్నా నేనూ ఆ లెక్కలో పోటీ పడేవాళ్లం.

ఇంటికొచ్చాక కారు కింది భాగం మంచినీళ్లతో కడిగించు, ఉప్పు ఉంచితే తుప్పే. శనివారం రాత్రి పడుకునే ముందు ఫోన్ చెయ్యి. ఆదివారం ఆటు ఎన్నింటికి తీస్తుందో టేబుల్ పక్కన పెట్టుకుని ఇద్దరం చూద్దాం, ఆ తర్వాతే అలారం ఎన్నింటికి పెట్టాలో అనుకుందాం.

మీ పెదనాన్న