‘గో’ అనే ముందు

అమ్మాయికి ఆశీస్సులు.

కూచిపూడి కార్యక్రమం ప్రత్యక్ష ప్రసారానికి డైరెక్షన్ నీకు అప్పగించారని తెలిసి సంతోషం. స్టేజీ క్యూలూ (లైటు, సౌండు ఎప్పుడు మారాలో చెప్పే సైగలు) నువ్వే, నాలుగు కెమెరాలూ నువ్వేనన్నావు. వీలుంటే స్టేజీ క్యూలు ఇంకొకరికి ఇచ్చెయ్యి. ఒక్క నోటితో రెండూ చెబితే ఏదో ఒకటి వెనకబడుతుంది. బడ్జెట్ ఒప్పుకోదంటారా, కనీసం కెమెరాల బొమ్మలు మార్చే స్విచ్చర్ మీద వేలు నీది కాకుండా చూసుకో. నువ్వు చెప్పాలి, ఇంకొకరు నొక్కాలి. నీ కళ్లు మాత్రం రాబోయే క్షణం మీదే ఉండాలి. స్టేజీ మీద జరిగింది చూశాక నోరు తెరిస్తే అప్పటికే ఆలస్యం.

క్యూ షీట్ ఇప్పుడే మొదలుపెట్టు. నంబర్లు 10, 20, 30 అని వేసుకో. రిహార్సల్లో కొత్త క్యూ పుడితే 15 పెట్టుకోవచ్చు. లైట్లకు అంకెలు, సౌండుకు అక్షరాలు వాడు. రెంటికీ అంకెలే ఇస్తే ఒకరి క్యూ ఇంకొకరు కొట్టేస్తారు. ప్రతి క్యూ ఎదుట కంటికో చెవికో అందే గుర్తు రాయి: ‘7.42కి’ అని కాదు, ‘రెండో చరణం అయ్యాక నట్టువాంగం (తాళాలు వేస్తూ నాట్యాన్ని నడిపించడం) తాళం పడగానే’ అని. అతిథి ప్రసంగం పావుగంట సాగితే గడియారం టైములన్నీ చెత్తబుట్టకే.

హెడ్‌సెట్లో మాట వరస మార్చకు. పదిహేను, ఇరవై సెకన్ల ముందు ‘స్టాండ్‌బై లైట్ 40’, అంటే 40వ లైటు క్యూకి సిద్ధంగా ఉండమని. అటునుంచి ‘లైట్స్’ అని జవాబు వచ్చాకే ముందుకెళ్లు. ‘లైట్ 40...’ అని ఆగి, ఆ తాళం మీద ‘గో’, అంటే కొట్టమని. ఆ అక్షరం ఎప్పుడూ చివరనే. అది ఇంకెక్కడా వాడకూడదు, మనకు ఇబ్బంది అక్కడే. కృష్ణుడి కథ నడుస్తుండగా స్టాండ్‌బైలో ఉన్న కుర్రాడి చెవిలో నువ్వు ‘గోపాలుడు’ అన్నావో, లైటు మారిపోవచ్చు! ఆ రాత్రికి ఆయన్ని కృష్ణుడనే పిలుచుకోండి.

భామాకలాపంలో సత్యభామ ప్రవేశం ముందే కాగితం మీద గీసి పెట్టుకో. ఇద్దరు తెర పట్టుకుంటారు, తెర మీదుగా జడ ఇవతలకు పడుతుంది. మనిషి కనబడక ముందే ఆ జడ సత్యభామను చెప్పేస్తుంది. ఆ క్షణాన నువ్వు వైడ్ షాట్‌లో ఉన్నా, పేర్ల గ్రాఫిక్ బొమ్మ మీదే ఉండిపోయినా ఇంట్లో చూసేవాళ్లకు ప్రవేశం పోయినట్టే. తెర పట్టుకోగానే రెండో కెమెరా తెర పై అంచు మీద ఫ్రేమ్ కట్టి, ఫోకస్ చేసుకుని కాచుకోవాలి. ఆ తర్వాత మూడోది తెర కింద పాదాలు పట్టాలి.

తరంగం, అంటే పళ్లెం మీద నిలబడి ఆడే అంశం, ఇంకా కష్టం. ఇత్తడి పళ్లెం అంచును కాలివేళ్లతో బిగబట్టి జరుపుతుంటే ఆ వేళ్ల క్లోజప్ వదలబుద్ధి కాదు. ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) చాలు, వెనక్కి వచ్చెయ్యి. తల మీద చెంబు, కింద పళ్లెం ఒకే ఫ్రేములో ఉంటేనే ఆ కష్టం తెలుస్తుంది. అందుకే మొదటి కెమెరాలో చెంబు పైన కాస్త ఖాళీ ఉంచమను. జతి (నోటితో చెప్పే లయ అక్షరాల వరస) మధ్యలో కట్ చెయ్యకు, ముక్తాయింపు (దాని ముగింపు) మొదలయ్యేసరికి పూర్తి మనిషి తెర మీద ఉండాలి. జతులు తెలియకపోతే నట్టువాంగం చేసేవారితో కూర్చుని వాటి అక్షరాలు రాసుకో. స్టేజీ మీద పళ్లెం తిరిగే దారిలో కేబుల్ గానీ కార్పెట్ ముడత గానీ ఉండకూడదు. ఈ తనిఖీ ఎవరికీ అప్పగించకు, నడిచి చూడు.

పాదం ముందు, శబ్దం తర్వాత అయితే నృత్యం చచ్చిపోతుంది. సాధారణంగా జరిగేది దానికి తిరగబడి: బొమ్మ స్విచ్చర్లో కాస్త ఆగి వస్తుంది, శబ్దం తిన్నగా వచ్చేస్తుంది. స్టేజీ మీద చప్పట్లు కొట్టించి రికార్డు చెయ్యి, చేతులు కలిసిన ఫ్రేముకీ చప్పుడుకీ తేడా లెక్కపెట్టు. సెకనుకు 25 ఫ్రేములైతే ఒక్కోటి 40 మిల్లీసెకన్లు. లెక్కకొచ్చిన తేడా అంత ఆలస్యం ప్రసారానికి వెళ్లే సౌండుకే పెట్టించు, హాలు స్పీకర్లకు వద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కెమెరా షట్టర్ 1/50 సెకను మీద పెట్టి లైట్లన్నీ తగ్గించి, పెంచి చూడు. కొన్ని ఎల్ఈడీలు తగ్గించినప్పుడే మినుకుమంటాయి.

జ్యోతి ప్రజ్వలనకూ క్యూ ఉండాలి: ‘స్టేజీ ఫ్యాన్లు ఆఫ్’. వత్తులు ముందే నూనెలో నాని, కొసన కర్పూరం ఉంటే మొదటి పుల్లకే అంటుకుంటాయి. ప్రసంగాలు సాగితే ఏ అంశం తీసేయాలో గురువుగారిని ముందే అడిగి షీట్‌లో రాసుకో. వేదిక ఆరుబయట అయితే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మామూలుగా రాత్రి 10కి మైకు ఆగాలి. మూసిన ఆడిటోరియం లోపలికి ఆ పట్టింపు లేదు.

స్విచ్చర్, సౌండ్ మిక్సర్, ఎన్‌కోడర్ (బొమ్మను ప్రసారానికి మలిచే పెట్టె), హెడ్‌సెట్ల బేస్: ఈ నాలుగూ యూపీఎస్ మీదే ఉండాలి. జనరేటర్ అందుకునే లోపు డిజిటల్ మిక్సర్ ఆగిపోతే, అది తిరిగి లేచేదాకా హాలంతా మౌనమే.

ముందురోజు రిహార్సల్లో నాట్యమంతా ఆడించి అమ్మాయిల కాళ్లు అలసిపోనివ్వకు. క్యూ నుంచి క్యూకి దూకుతూ, మారే చోట్లు మాత్రం చేయించు.

షీట్ మొదటి ప్రతి అవగానే పంపు. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటాను.

పెద్దనాన్న