కొత్త టీచరమ్మకు: మార్కుల షీటు ఎట్ల చదవాలె

బిడ్డా,

బేస్‌లైన్ పరీక్షల (ఏడాది మొదట్ల పిల్లలకు ఏమొచ్చో చూసే పరీక్ష) మీ బడికి తక్కువ వచ్చిందని, చుట్టుపక్కల బడుల టీచర్లు కూడే కాంప్లెక్సు మీటింగుల అందరి ముందర చదివి వినిపించిన్రని రాసినవు. చిన్నబుచ్చుకోకు. అట్లని ఆ కాగితాన్ని మూలకు కూడా పడెయ్యకు. దాన్ని ఎంతవరకు నమ్మాలెనో తెలిస్తే అది నీకు పనికొస్తది.

మూడో తరగతి తీసివేతనే తీసుకో. 52ల నుంచి 27 తియ్యమంటే ఒక పిల్ల 35 పెడ్తది. రెండుల నుంచి ఏడు పోదు కాబట్టి ఏడుల నుంచే రెండు తీసేసింది. ఇంకొకడు 79 పెడ్తడు. వాడు గుర్తే చూడలేదు, కూడిండు. మూడోవాడికి లెక్కనే రాదు, నాలుగింట్ల ఒకదాన్ని గుడ్డిగ నింపితే 25 మీద పడ్డది. షీటుల మొదటి ఇద్దరికి సున్నా, మూడోవాడికి మార్కు! మొదటి పిల్లకు పుల్లల కట్ట విప్పి పదిని ఒకట్లు చేసి చూపెట్టాలె. రెండోవాడికి "గుర్తు చూడరా" అంటే చాలు. మూడోవాడితోని అంకెల కాడి నుంచి రావాలె. ఇవేవీ శాతంల కనబడవు.

అందుకని పరీక్ష అయిన తెల్లారి ఒక్కొక్కరిని పక్కన కూసోబెట్టుకో. తప్పు రాసినోళ్లనే కాదు, ఒప్పు రాసినోళ్లను గూడ. "ఎందుకు తప్పు చేసినవ్" అంటే నోరు విప్పరు. "ఎట్ల చేసినవో చెప్పు" అను, అని ఆగు. తొందరపడి అందియ్యకు. తర్వాత అదే లెక్కను దుకాణం లెక్క చేసి అడుగు: "యాభై రెండు రూపాయలు తీస్కపోయినవ్, ఇరవై ఏడు రూపాయల సామాను తెచ్చినవ్, ఎన్ని మిగుల్తయి?" కాగితం మీద తప్పిన పిల్లగాడే ఠక్కున చెప్పొచ్చు. వాడికి లెక్క వచ్చు, రాసే పద్ధతే రాలే.

నీది దేవరకొండ దిక్కు తండా బడి. ఇంట్ల మాట్లాడేది లంబాడీ. రాతలెక్కల "ఇంకా ఎన్ని కావలెను" అని ఉంటే పిల్ల ఆ తెలుగు కాడనే ఆగిపోతది. అయిదో తరగతి పిల్లతోని అదే ప్రశ్న లంబాడీల అడిగించి చూడు. అప్పుడు చేసిందంటే నువ్వు చెప్పాల్సింది తెలుగు, లెక్కలు కాదు.

2022ల మన రాష్ట్ర సర్కారు తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చదువుడు, రాసుడు, చతుర్విధ ప్రక్రియలు (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం) గట్టిపడాలని. ఆ నెలవారీ పరీక్షలు నీ కోసమే ఉన్నయి, పైవాళ్లకు చూపెట్టేటందుకు అంకెలు దిద్దకు. దిద్దిన అంకెను నమ్మి వచ్చే నెల ఏం చెప్తవు?

ఢిల్లీ నుంచి వచ్చే సర్వే ఇంకో తీరు. 2021 నవంబరుల జరిగిన న్యాస్ (దేశమంత పిల్లల చదువును కొలిచే సర్వే) గానీ, 2024 డిసెంబరుల 3, 6, 9 తరగతులకు పెట్టిన అటువంటిదే పరఖ్ సర్వే గానీ కొన్ని బడులను ఎంచుకొని, జిల్లా, రాష్ట్రం మొత్తంగ ఎక్కడున్నయో చూసేటందుకు. అది పిల్లవాడి తెలివికి తూకం కాదు, నీ పనికి సర్టిఫికెట్టూ కాదు. ఓఎంఆర్ షీటు (గుండ్రాలు నింపి జవాబు పెట్టే కాగితం) ముఖం చూడని పిల్లలకు గుండ్రాలు నింపుడు ముందే నేర్పు, అది న్యాయమే. నెలంతా అవే బిట్లు వల్లె వేయిస్తే మాత్రం సర్వే కొలిచేది నీ వల్లింపునే. దసరా దాటినంక అమ్మానాన్నల వెంబడి ముంబై, పుణె పోయిన పిల్లలు ఆనాడు బెంచీ మీద ఉండరు, వాళ్లు ఆ శాతంల లెక్కకే రారు. వాళ్ల పేర్లు నువ్వే రాసి పెట్టుకో. తిరిగొచ్చినంక ఎక్కడ వదిలిన్రో అక్కడి నుంచి పట్టుకోవాలె.

హైస్కూలు గొడవ నీకిప్పుడు అక్కరలేదు గానీ, ఒక్క మాట. పదోతరగతిల 80 మార్కులు బయట పరీక్షకు, 20 బడి చేతికి ఇచ్చింది మూడు గంటల పేపరుల కనబడనిది చూడమని. చాలా చోట్ల క్లాసుక్లాసంత ఒకే గైడు నుంచి ప్రాజెక్టు దింపుతరు, అందరికి ఇరవైకి ఇరవై వేస్తరు. పేపరును తిట్టే మనమే ఆ ఇరవైని చేజేతుల పాడు చేసుకుంటున్నం.

ఒక దొడ్డు నోటుబుక్కు పెట్టు, పిల్లకొక పేజీ. మార్కు రాయకు, ఏ తప్పు ఎట్ల చేసింది, ఏం చెప్తే అర్థమైంది, తారీఖు. అంతే. వచ్చే మీటింగుల శాతం అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పు, పక్కన ఈ బుక్కు తెరిచి పెట్టు. సారు చూస్తే చూస్తడు, లేకుంటే లేదు. తల్లులు బడికి వచ్చిన్నాడు మాత్రం గ్రేడు చెప్పకు, ఆ పేజీ చదివి వినిపించు.

నీ
పెదనాన్న