పాత సీఎన్‌సీకి కొత్త కంట్రోల్

ప్రశ్న: మా వర్క్‌షాపులో 1990 ప్రాంతపు సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే) వర్టికల్ మిల్లింగ్ సెంటర్ ఉంది. తెర మసకబారింది, అప్పుడప్పుడు పరామీటర్లు (మెషిన్ సెట్టింగు విలువలు) చెరిగిపోతున్నాయి, గుండ్రటి పాకెట్ (గుంత) కోస్తే నాలుగు చోట్ల మెట్టు పడుతోంది. కంట్రోల్ (మెషిన్‌ను నడిపే కంప్యూటర్) మారిస్తే ఇవన్నీ పోతాయా? మోటార్లు కూడా మార్చక తప్పదంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, బాలానగర్, హైదరాబాద్

జవాబు: మొదటి రెండూ పోతాయి, మూడోది బహుశా పోదు. ఎక్స్, వై అక్షాలు దిశ మార్చుకునే చోటనే మెట్టు పడుతోందంటే, చాలావరకు టేబుల్‌ను కదిపే బాల్‌స్క్రూ నట్‌లోనో, స్క్రూ చివరి థ్రస్ట్ బేరింగ్‌లోనో లూజు వచ్చి ఉంటుంది. కంట్రోల్‌లో ఇప్పుడున్న బ్యాక్‌లాష్ (దిశ మారేటప్పుడు వృథా అయ్యే కదలిక) సవరణ విలువను రాసిపెట్టుకొని సున్నా చేయండి. డయల్ గేజ్‌ను టేబుల్‌కు ఆనించి, హ్యాండ్‌వీల్‌ను 0.01 మిల్లీమీటరులో ఉంచి ఒకవైపు కొంత తిప్పి, వెనక్కు తిప్పేటప్పుడు ముల్లు కదిలేలోగా ఎన్ని క్లిక్కులు వృథా అయ్యాయో లెక్కపెట్టండి. ఒకటి రెండైతే పరామీటరుతో సరిపెట్టవచ్చు. ఐదారు పోతుంటే ముందుగా ఆ నట్, బేరింగుల మీదే డబ్బు పెట్టండి. కటర్ ఒత్తిడికి టేబుల్ ఆ ఖాళీలో ఊగుతూనే ఉంటుంది కనుక ఎంత ఖరీదైన కంట్రోల్ అయినా దాన్ని పట్టి ఆపలేదు.

మోటార్ల సంగతి డ్రైవుల (మోటార్లకు కరెంటు అందించే యూనిట్ల) మీద ఆధారపడుతుంది. కంట్రోల్ నుంచి డ్రైవుకు వేగం ఆదేశం ప్లస్ లేదా మైనస్ 10 వోల్టుల అనలాగ్ రూపంలో వెళ్తుంటే, మోటార్లను, డ్రైవులను అలాగే ఉంచి, ఎన్‌కోడర్లు (స్థానాన్ని కొలిచే సెన్సర్లు) ఆరోగ్యంగా ఉంటే వాటినీ కొత్త కంట్రోల్‌కు కలపవచ్చు. సర్వో లెక్కలన్నీ (మోటారు వేగాన్ని, స్థానాన్ని సరిదిద్దే లెక్కలు) పాత కంట్రోల్ లోపలే జరిగి డ్రైవుకు పల్సులు మాత్రమే వెళ్తుంటే, సాధారణంగా డ్రైవులు, తరచుగా మోటార్లు కూడా మార్చవలసి వస్తుంది. ఎలక్ట్రికల్ డ్రాయింగులు చూడకుండా ఎవరైనా అన్నీ మార్చాలంటే ఒప్పుకోకండి.

ఉచితంగా దొరికే లైనక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ అనలాగ్ డ్రైవులనూ నడపగలదు, అయితే తగిన ఇంటర్‌ఫేస్ కార్డు కావాలి. మీ దగ్గర లాడర్ లాజిక్ (మెషిన్ పనుల వరసను నడిపే ప్రోగ్రాము) రాయగలవారు ఉంటేనే ఆ దారి పట్టమంటాను. అక్షాలు కదిలించడంకంటే టూల్ ఛేంజర్‌ను (కటర్లను తనంతట మార్చే భాగాన్ని) వరసక్రమంలో నడిపించడానికే ఎక్కువ శ్రమ పడుతుంది.

పని మొదలుపెట్టేలోగా పరామీటర్లన్నీ ఆర్‌ఎస్-232 (పాత తరహా సీరియల్ కేబుల్ పోర్టు) ద్వారా కంప్యూటర్‌లోకి తీసుకోండి, లేదా తెర మీద కనిపించినంతవరకు ఫోటోలు తీయండి. మెమరీ బ్యాటరీ మార్చవలసి వస్తే, మెషిన్ మాన్యువల్ చెప్పిన పద్ధతిలోనే మార్చండి. చాలా పాత కంట్రోళ్లలో పవర్ ఆన్‌లో ఉండగానే ఆ పని చేయాలి, లేకుంటే ఉన్నవీ చెరిగిపోతాయి.

భద్రత విషయంలో ఏమాత్రం సర్దుకోకూడదు. ఎమర్జెన్సీ స్టాప్ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడకుండా నేరుగా వైరింగ్ ద్వారా డ్రైవుల కాంటాక్టర్‌ను (వాటికి కరెంటు ఇచ్చే స్విచ్‌ను) తెంచాలి. జెడ్ అక్షపు (స్పిండిల్ హెడ్‌ను పైకీ కిందికీ కదిపే అక్షపు) బ్రేకు, సర్వో మోటారు బరువును పట్టుకున్న తర్వాతే విడవాలి, సర్వో ఆగకముందే పట్టుకోవాలి. ఆ క్రమం తప్పితే స్పిండిల్ హెడ్ కిందికి జారిపోతుంది. అందుకే తొలి పరీక్ష సమయంలో హెడ్ కింద గట్టి చెక్క దిమ్మె పెట్టించండి.