సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొంటున్నారా, ముందు దాని కంప్యూటర్‌ని అడగండి

ఈసారి టెక్ సందేహాల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పక్కకి పోయి కార్ల ప్రశ్నలే ఎక్కువొచ్చాయి, అవి కూడా మామూలు కార్లు కాదు, సెకండ్ హ్యాండ్‌లో స్పీడ్ కార్లు. ఎందుకో రేట్లు చూస్తే అర్థమైపోతుంది. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 230 మన దగ్గరకి 2017లో వచ్చినప్పుడు ఎక్స్ షోరూమ్ 24.62 లక్షలు, 2020లో ఆర్ఎస్ 245 వచ్చేసరికి 35.99 లక్షలు, 2025 అక్టోబర్‌లో దిగిన కొత్త ఆర్ఎస్ 49.99 లక్షలు, అదీ దేశం మొత్తానికి 100 కార్లే. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ అయితే 2025లో వచ్చినప్పుడు 52.99 లక్షలు. కొత్తవి పూర్తిగా తయారై బయట నుంచి ఓడలో వస్తాయి కాబట్టి డ్యూటీ పడుతుంది, తక్కువ తెస్తారు, దాంతో పాతవాటి ఓనర్లు కూడా రేటు దించట్లేదు. ఇంట్లో పిల్లలు, అమ్మానాన్న ఉండి, ఒక్క కారే పెట్టుకోగలిగి, అయినా నడిపేటప్పుడు మజా కావాలి అనుకునేవాళ్ళకి ఇప్పుడు పాత కార్లే దారి. ఆ కోరిక తప్పేం కాదు, నాకూ ఈ కార్లంటే ప్రాణం, అందుకే చూసి కొనమంటున్నా.

హైదరాబాద్ నుంచి: "అన్నా, 2018 ఆక్టేవియా ఆర్ఎస్ చూశా, మీటర్ మీద 46 వేల కిలోమీటర్లు. కొత్తప్పుడు పెట్టిన రేటుకి దగ్గర్లోనే అడుగుతున్నాడు. ఆన్‌లైన్లో దొరికే, కారు కంప్యూటర్‌ని చదివే చిన్న ఓబీడీ డాంగిల్ కొని పెడితే మీటర్ వెనక్కి తిప్పారో లేదో తెలుస్తుందా? ఇంట్లో ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న ఉంటారు."

ఆ చిన్న డాంగిల్‌తో మీటర్ సంగతి తెలీదు తమ్ముడూ, కానీ అది పనికిరాదని మాత్రం అనను. ఈఎల్ఎమ్ 327 అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఇంజిన్, పొల్యూషన్‌కి సంబంధించిన కామన్ డేటానే చదువుతాయి, ఓడోమీటర్ రీడింగ్ ఈ వయసు కార్లలో ఆ కామన్ లిస్టులో ఉండదు. కానీ అదే డాంగిల్ ఫోన్‌కి కనెక్ట్ చేసి ఏదైనా మంచి స్కానర్ యాప్‌లో రెండు లైన్లు వెతకండి, ఒకటి ఫాల్ట్ కోడ్స్, అంటే కారు కంప్యూటర్ రాసుకున్న లోపాలు, క్లియర్ చేసినప్పటి నుంచి తిరిగిన దూరం, రెండోది రెడీనెస్ మానిటర్లు, అంటే పొల్యూషన్ పార్టుల మీద కారు తనే చేసుకునే చెక్‌లు పూర్తయ్యాయో లేదో. మీరు చూడ్డానికి వస్తున్నారని తెలిసి అమ్మేవాడు పొద్దున్నే కోడ్స్ అన్నీ తుడిపేస్తే ఆ దూరం 5 కిలోమీటర్లో 10 కిలోమీటర్లో చూపిస్తుంది, మానిటర్లు కూడా సగం 'ఇంకా అవ్వలేదు' అనే ఉంటాయి. బ్యాటరీ మార్చినా కొన్ని కార్లలో ఇలాగే కనిపించొచ్చు, అందుకని వెంటనే గొడవ పెట్టుకోకండి, బ్యాటరీ బిల్లు అడగండి, నాలుగు రోజులాగి మళ్ళీ స్కాన్ చేస్తానని చెప్పండి. ఆ మాటకి అతని మొహం మారితే మీకు జవాబు దొరికినట్టే.

ఇంకోటి, కారు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి, ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టకూడదు. అది కూడా యాప్‌లోనే పట్టుకోవచ్చు, ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకముందే కూలెంట్ టెంపరేచర్, లోపలికొచ్చే గాలి టెంపరేచర్ పక్కపక్కన చూడండి, రాత్రంతా ఆగి ఉన్న కారైతే రెండూ ఇంచుమించు ఒకటే ఉంటాయి. కూలెంట్ 70 డిగ్రీలు చూపిస్తుంటే కారు ఇందాకే తిరిగింది, అంటే చల్లటి స్టార్ట్‌లో వచ్చే శబ్దమో పొగో మీరు వినకూడదని, చూడకూడదని అనుకుంటున్నాడేమో.

ఇక అసలు మీటర్ విషయం. ఫోక్స్‌వాగన్, స్కోడా, ఆడి కార్లకి వీసీడీఎస్ అని ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది, ఓబీడీ ఇలెవెన్ అని ఫోన్‌తో పనిచేసేదీ ఉంది, ఈ బ్రాండ్లు మాత్రమే చూసే ఇండిపెండెంట్ గ్యారేజీల్లో ఈ రెండిట్లో ఏదో ఒకటి సాధారణంగా ఉంటుంది. దాంతో ఇంజిన్ ఒక్కటే కాదు గేర్‌బాక్స్, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఏసీ, డోర్లు, ఒక్కో కంట్రోల్ యూనిట్‌నీ విడివిడిగా తెరిచి చూడొచ్చు. ఏదైనా ఫాల్ట్ నమోదైతే అది ఎన్ని కిలోమీటర్ల దగ్గర వచ్చిందో కూడా చాలాసార్లు ఆ ఫాల్ట్ పక్కనే రాసి ఉంటుంది, మీటర్ తిప్పేవాళ్ళు డాష్‌బోర్డ్‌లో నంబర్ మారుస్తారు గానీ ఎక్కడో వెనక డోర్ మాడ్యూల్లో కూర్చున్న పాత ఫాల్ట్‌ని మర్చిపోతారు. మీటర్ 46 వేలు, ఏదో మూల ఫాల్ట్ పక్కన 83 వేలు అని ఉంటే ఇక మాట్లాడేదేమీ లేదు, లేచి వచ్చేయండి. ఫాల్టులే లేకపోతే ఓనర్‌ని వెంటబెట్టుకుని ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి ఛాసిస్ నంబర్ మీద హిస్టరీ తీయించండి, ఏ డేట్‌కి ఎన్ని కిలోమీటర్లో వరసగా వచ్చేస్తుంది. ఓనర్ రాను అంటే నేనైతే ఆ కారు వదిలేస్తా.

ఈ కారులో ప్రత్యేకంగా చూడాల్సినవి చెప్తా. ఇందులో ఉన్నది 6 గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీ, అంటే ఆయిల్‌లో మునిగిన రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, దీనికి 60 వేల కిలోమీటర్లకొకసారి గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టర్ మార్చాలి, 46 వేలు నిజమైతే ఆ ఖర్చు త్వరలో మీ మీదే పడుతుంది కాబట్టి రేటులో తగ్గించమనండి. ఇందులోని 2.0 టీఎస్ఐ టర్బో పెట్రోల్ ఇంజిన్‌లో వాటర్ పంప్, థర్మోస్టాట్ ఉండే హౌసింగ్ దగ్గర కూలెంట్ కారడం చాలామందికి తెలిసిన జబ్బు, ట్యాంక్‌లో లెవెల్ ఎంతుందో, చుట్టూ ఎండిపోయిన మరకలున్నాయో లేదో టార్చ్ వేసి చూడండి. అన్నిటికంటే ముఖ్యం రీమ్యాప్, అంటే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం. 230 హార్స్‌పవర్ కారుని సాఫ్ట్‌వేర్‌తో 300 దగ్గరకి లాగడం ఈ ఇంజిన్‌తో తేలిక, అందుకే చాలామంది చేయించారు, అమ్మే ముందు మళ్ళీ స్టాక్ ఫైల్, అంటే కంపెనీ ఇచ్చిన పాత సాఫ్ట్‌వేర్ వేసేస్తారు. ట్యూన్ చేసిన కారు అంటే చెడ్డ కారు అని కాదు, మంచి ట్యూనర్ దగ్గర చేయించి ఆయిల్ టైమ్‌కి మార్చినవాళ్ళు ఉన్నారు, కానీ దాచిపెట్టి అమ్మితే మిగతావి కూడా దాచాడనే లెక్క. పైగా ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పని మార్పు క్లెయిమ్ దగ్గర అడ్డం పడొచ్చు.

ఇంటి సంగతికొస్తే మీరు సరైన కారే ఎంచుకున్నారు. డిక్కీ 590 లీటర్లు, సంక్రాంతికి ఊరెళ్ళే సామాను మొత్తం పడుతుంది, పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు వెనక రెండు పక్కలా ఉన్నాయి. ఒక్క పని చేయండి, టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్ళకండి, అమ్మానాన్నని ఎక్కించుకుని మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద ఎక్కించి దించండి, మీ కాలనీలో అన్నిటికంటే ఎత్తైన స్పీడ్ బ్రేకర్ దాటించండి. అక్కడ కింద గీసుకుంటే రోజూ గీసుకుంటుంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులుంటే సీట్లోంచి లేవడం ఎలా ఉందో అడగండి, పైకి బాగానే ఉందంటారు, లేచేటప్పుడు డోర్ పట్టుకుంటున్నారో లేదో మీరు చూడండి.

విజయవాడ నుంచి: "ఢిల్లీ కార్లు ఇక్కడికంటే చాలా తక్కువకి వస్తున్నాయి. ఎంపరివాహన్ యాప్‌లో అంతా క్లియర్‌గా ఉంది. కొనేయొచ్చా సార్?"

యాప్‌లో ఉన్నది ఆర్సీ గురించే, కారు గురించి కాదు. రిజిస్ట్రేషన్ డేట్, ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటివరకు, ఫైనాన్స్ ఉందా లేదా, బ్లాక్‌లిస్ట్‌లో ఉందా, ఇవన్నీ చూడాల్సినవే. ఫైనాన్స్ అని కనిపిస్తే లోన్ కట్టేశానని నోటిమాట చాలదు, బ్యాంక్ ఎన్‌ఓసీ, ఆర్సీలోంచి లోన్ తీసేయించే ఫారం 35 చేతిలో ఉండాలి. చలాన్లు అన్నీ ఒకే చోట కనిపిస్తాయనుకోకండి, తెలంగాణ పోలీసులకైతే వేరే సైటే ఉంది, కారు ఏ ఊళ్ళో తిరిగిందో అక్కడిది కూడా వెతకండి.

ఢిల్లీవి ఎందుకు చవక అంటే అక్కడ డీజిల్‌ది 10 ఏళ్ళు, పెట్రోల్‌ది 15 ఏళ్ళు దాటితే తిప్పకూడదని పెట్టిన రూల్ భయంతో వయసు దగ్గరపడ్డవి బయటికి తోసేస్తూ వచ్చారు. ఆ రేటు చూసి ఆగిపోతున్నారు గానీ లెక్క అక్కడితో అవ్వదు. ఫారం 28 మీద అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ, 12 నెలలు దాటి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నంబర్, దానికి ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్, ఖరీదైన కారుకి అదే లక్షల్లో ఉంటుంది. అక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన వాటా వెనక్కి అడగడం ఇంకో తిప్పలు. ముందే మీ ఆర్టీవో ఆఫీసులో మోడల్, సంవత్సరం, ఇన్వాయిస్ రేటు చెప్పి ట్యాక్స్ ఎంతవుతుందో అడిగి, ట్రాన్స్‌పోర్ట్ కూడా కలిపి అప్పుడు విజయవాడ కారుతో పోల్చండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మీ పేరు మీదకి మార్పించుకోవాలి, పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది అతనితోనే పోతుంది, కాబట్టి ఇప్పుడతను కట్టే ప్రీమియం చూసి మీ బడ్జెట్ వేసుకోకండి.

అమెరికా డాలస్ దగ్గర ఫ్రిస్కో నుంచి: "టారిఫ్‌ల తర్వాత కొత్తవి చేతికందట్లేదు. 2015 గోల్ఫ్ జీటీఐ చూశాం, పాపకి పదినెలలు. డీలర్ యాప్‌తో కారు లాక్ చేయొచ్చు అన్నాడు, కనెక్ట్ అవ్వట్లేదు. ఫోన్ ప్రాబ్లమా?"

ఫోన్‌ది కాదమ్మా. ఆ కాలం ఫోక్స్‌వాగన్‌లలో ఫోన్‌తో కారుని కలిపే కార్ నెట్ అనే సర్వీస్ 3జీ నెట్‌వర్క్ మీద నడిచేది, అక్కడి టెలికాం కంపెనీ ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేసింది, 2014 నుంచి 2019 మోడళ్ళలో చాలావాటికి ఆ సర్వీస్ దాంతోనే పోయింది. యాప్ మళ్ళీ ఎక్కించినా, రీసెట్ చేసినా రాదు. డీలర్ దాన్ని ఫీచర్‌గా చెప్తే ఆ ముక్క మీద రేటు తగ్గించమని గట్టిగా అడగండి. ఇంకో ఏడాది కొత్తది, అంటే 2016 మోడల్ చూస్తే స్క్రీన్ సిస్టమ్ మారింది, యూఎస్‌బీతో ఫోన్‌ని కారు స్క్రీన్ మీద చూపించే కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో వస్తాయి, రోజూ వాడేది అదే కాబట్టి నేనైతే దానికే ఓటేస్తా.

అమెరికాలో పాత కార్ల హిస్టరీ ఇచ్చే కార్‌ఫ్యాక్స్ రిపోర్ట్ క్లీన్‌గా ఉందంటే యాక్సిడెంట్ అవ్వలేదని కాదు, వాళ్ళ దాకా సమాచారం వెళ్ళలేదని మాత్రమే, సొంత డబ్బుతో బాగుచేయించుకుంటే అందులో పడదు. అమెరికా రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో కారు గుర్తింపు నంబర్ (విన్) కొడితే పెండింగ్ రీకాల్స్, అంటే కంపెనీ సరిచేయాల్సిన లోపాలు, ఫ్రీగా తెలుస్తాయి, అవి డీలర్ దగ్గర ఫ్రీగానే చేస్తారు. పాప సీటు వెనక్కి తిరిగి ఉండేదే కదా, షోరూమ్‌కి ఆ సీటు పట్టుకెళ్ళి బిగించి, దాని ముందు సీట్లో మీ ఇద్దరిలో పొడుగైనవాళ్ళు కూర్చోండి. మోకాళ్ళు డాష్‌బోర్డ్‌కి తగిలితే ఆ కారు మీకు చాలదు. నాలుగు డోర్లదే చూడండి.

వైజాగ్ నుంచి: "పోలో జీటీఐ దొరుకుతోంది, 3 డోర్లు. ఇంట్లో ఇదొక్కటే కారు, బాబుకి ఏడాది."

వద్దు. 192 హార్స్‌పవర్, 1.8 టర్బో, 2016లో 25.99 లక్షలకి వచ్చి తర్వాత 19.99కి దిగిన కారు, చాలా కొద్దిమంది దగ్గరే ఉంది, నడిపితే నవ్వు ఆగదు, అన్నీ ఒప్పుకుంటా. కానీ రోజూ ముందు సీటు మడిచి వెనక్కి వంగి నిద్రపోతున్న పిల్లాడిని సీట్లో పెట్టి బెల్టు వేయాలి, ఆ పని ఎక్కువ సార్లు చేసేది మీ ఆవిడే. ముందు సీట్లో పెడదాం అంటారేమో, వెనక్కి తిరిగి ఉండే బేబీ సీటుని ఆన్‌లో ఉన్న ఎయిర్‌బ్యాగ్ ముందు ఎప్పుడూ పెట్టకూడదు, ప్రాణం మీదకొస్తుంది. రెండో కారుగా అయితే హాయిగా కొనుక్కోండి, సముద్రం గాలికి తుప్పు పట్టిందేమో లిఫ్ట్ మీద ఎక్కించి కింద చూసుకుని మరీ.

వరంగల్ నుంచి: "బీఎండబ్ల్యూ కొన్నాం, పాత ఓనర్ ఫోన్‌లో ఇంకా మా కారు కనిపిస్తోందని అతనే చెప్పాడు. ఎలా ఆపాలి?"

ఈరోజే చేయండి, దీన్ని రేపటికి పెట్టకండి. అతని అకౌంట్‌లో కారు ఉన్నంతకాలం మీ ఇంటావిడ పిల్లల్ని స్కూల్లో దింపిన చోటు కూడా అతనికి కనిపించొచ్చు, మంచివాడు కాబట్టి చెప్పాడు. ముందు అతన్నే మై బీఎండబ్ల్యూ యాప్‌లోంచి కారు తీసేయమనండి, తర్వాత కారు స్క్రీన్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి పర్సనల్ డేటా మొత్తం ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి, అప్పుడు మీ అకౌంట్‌తో యాడ్ చేసుకోండి. అతను ఫోన్ ఎత్తకపోతే ఆర్సీ పట్టుకుని డీలర్ దగ్గరకి వెళ్ళండి, ఓనర్ మారినట్టు కాగితం చూపిస్తే విడదీస్తారు. అలాగే తాళాలు, మీ చేతికి రెండొచ్చాయి సరే, కారులో ఎన్ని తాళాలు రిజిస్టర్ అయ్యాయో సర్వీస్ సెంటర్‌లో చదివించండి, మూడోది ఉంటే దాన్ని డిసేబుల్ చేయిస్తారు. డాష్‌బోర్డ్ కింద, డిక్కీ లైనింగ్ వెనక అతను పెట్టించిన జీపీఎస్ ట్రాకర్ ఏమైనా ఉందేమో కూడా అడిగేయండి, పాత ఫాస్టాగ్ కూడా అతన్నే క్లోజ్ చేయమని మీ పేరు మీద కొత్తది తీసుకోండి. ఇంకా కొనబోయేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ అకౌంట్ తీసేసే పని బ్యాలెన్స్ డబ్బు ట్రాన్స్‌ఫర్ చేసే ముందే, ఇద్దరూ కారు దగ్గర నిలబడి ఉండగానే చేయించుకోండి, డబ్బు పడ్డాక ఫోన్లు ఎత్తడం బాగా తగ్గిపోతుంది.