డాక్టర్ సలహా: నిద్రలోనూ మూత్రం కారుతుంటే కెగెల్‌తో సరిపెట్టుకోవద్దు

ప్రశ్న: నా వయసు 32. ఫిజియోథెరపిస్టును. కాన్పు గాయాలతో, ముఖ్యంగా ఫిస్టులాతో (మూత్రం యోనిలోకి కారేలా పడే రంధ్రంతో) బాధపడే మహిళలకు ఆపరేషన్లు చేసే ఒక మిషన్ ఆసుపత్రికి మూడు వారాలు స్వచ్ఛందంగా వెళ్లాలనుకుంటున్నాను. ఆపరేషన్ తర్వాత వాళ్లకు ఏ వ్యాయామాలు నేర్పాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి? ఐదు నెలల కిందట నాకూ కాన్పయింది. చాలాసేపు నొప్పులు పడ్డాక చివర్లో సిజేరియన్ చేశారు. వారం పది రోజులకు కాస్త లీకేజీ మొదలైంది. మామూలుగా యూరిన్‌కు వెళ్తూనే ఉన్నా ప్యాడ్ మాత్రం ఎప్పుడూ తడే, తెల్లారేసరికి కూడా. కటి కండరాలు బిగించి వదిలే కెగెల్ వ్యాయామాలు చేస్తున్నాను, నీళ్లు తగ్గించాను. తోటి ఉద్యోగిని వాడిన మాత్రలు కొన్నాళ్లు వేసుకున్నాను, రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు కూడా వాడాను. ప్రయాణానికి ఇబ్బంది ఉండదు కదా?

జవాబు: ఓపీలో ఇద్దరు పేషెంట్ల మధ్య దొరికిన ఖాళీలో మీ ఉత్తరం చదివాను. వ్యాయామాల సంగతి తర్వాత చూద్దాం. ‘తెల్లారేసరికి కూడా’ అని వాక్యం చివర మీరు అతికించిన ముక్క దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి.

దగ్గినప్పుడో, తుమ్మినప్పుడో, బరువెత్తినప్పుడో నాలుగు చుక్కలు పడితే కటి కండరాలు వదులయ్యాయని అనుకుంటాం. కాన్పయినవాళ్లలో ఎక్కువగా చూసేది అదే, కెగెల్ బాగా పనికొచ్చేదీ అక్కడే. బాత్రూమ్‌కు చేరేలోపే ఆగలేకపోతే అది వేరే బాపతు. ఈ రెండింట్లోనూ కదలకుండా నిద్రపోతున్న మనిషి రాత్రంతా చుక్కచుక్కగా తడుస్తూ ఉండడం మామూలుగా జరగదు. అలా జరుగుతోందంటే మూత్రానికి మరో దారి ఏర్పడిందేమో చూడాలి. మీరు సేవ చేయబోతున్న స్త్రీలకున్న జబ్బే మీకూ ఉందని తేల్చేయడం లేదు, పరీక్ష చేయకుండా ఏ డాక్టరూ ఆ మాట అనకూడదు. కానీ లేదని రుజువయ్యేదాకా ఉందేమోనని అనుమానించాల్సిన లక్షణాలే ఇవి.

తల దిగక బిడ్డ గంటల తరబడి ఇరుక్కుపోతే, ఆ తలకీ ముందున్న ఎముకకీ మధ్య మూత్రాశయం నలుగుతుంది. నలిగినచోట రక్తం ఆడదు. ఆ భాగం చచ్చి, కొద్ది రోజులకు ఊడి రంధ్రం పడుతుంది. అందుకే కాన్పయిన రోజున అంతా బాగున్నట్టే ఉండి, 3 నుంచి 10 రోజుల్లో లీకేజీ మొదలవుతుంది. సిజేరియన్ చేసినా, చేసేనాటికే ఆలస్యమైపోతే జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఇంకో అనుమానం కూడా ఉంది, నాకు అదే ఎక్కువ. తల బాగా కిందికి దిగిపోయాక చేసే సిజేరియన్ కష్టమైన ఆపరేషన్. కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే సన్నటి గొట్టం, యురేటర్, గర్భసంచి పక్కనుంచే పోతుంది. ఎంత చేయి తిరిగిన సర్జన్ చేతిలోనైనా అరుదుగా దానికి దెబ్బ తగలొచ్చు. అప్పుడు ఒక కిడ్నీ మూత్రం యోనిలోకి కారుతుంది, రెండో కిడ్నీది ఎప్పటిలాగే మూత్రాశయంలోకి చేరుతుంది. అంటే బాత్రూమ్‌కు వెళ్లడం మామూలుగానే ఉంటుంది, ప్యాడూ తడుస్తూనే ఉంటుంది. మీరు రాసింది దీనికి చాలా దగ్గరగా ఉంది. దెబ్బతిన్న గొట్టం మెల్లగా మూసుకుపోతే ఆ వైపు కిడ్నీ ఉబ్బి దెబ్బతింటుంది. ఒక్కోసారి నొప్పి కూడా ఉండదు. ప్యాడ్ తడి తగ్గింది, నయమైపోయిందని పేషెంటు సంతోషిస్తుంది, లోపల కిడ్నీ పాడవుతుంటుంది.

మూడోది, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక నిండి పొర్లడం. సుదీర్ఘమైన నొప్పుల తర్వాత అదీ జరుగుతుంది. మీ తోటి ఉద్యోగిని మాత్రల పేరు రాయలేదు. మాటిమాటికీ యూరిన్ వస్తోందని ఇచ్చేవే అయితే అవి మూత్రాశయ కండరాన్ని సడలిస్తాయి. పొర్లే మూత్రాశయానికి అవి వేసుకుంటే ఉన్న ఇబ్బంది రెట్టింపవుతుంది. యాంటీబయాటిక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. రంధ్రాన్ని ఏ క్యాప్సూలూ పూడ్చదు. పైగా కల్చర్ (ఏ క్రిమి ఉందో, ఏ మందుకు లొంగుతుందో చూసే యూరిన్ పరీక్ష) ఇవ్వకుండా రెండు కోర్సులు మింగితే నిజంగా ఇన్ఫెక్షన్ ఉన్న రోజున ఏ మందు పనిచేస్తుందో మాకు తెలియకుండా పోతుంది. మందుల షాపు కౌంటర్ మీద డాక్టరు కూర్చోడమ్మా.

నీళ్లు తగ్గించడం ఆపేయండి. చిక్కబడిన మూత్రం చర్మాన్ని ఎక్కువ మండిస్తుంది, వాసన పెరుగుతుంది, రాళ్లు కట్టే అవకాశమూ ఉంటుంది. తడి తగలకుండా జింక్ ఆక్సైడ్ క్రీమో, వ్యాజిలినో రాసుకోండి.

ఇక అసలు పని. ఈ వారంలోనే యూరోగైనకాలజిస్టునో, ఫిస్టులా చూసిన అనుభవమున్న యూరాలజిస్టునో కలవండి. ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జి కాగితాలు దగ్గర పెట్టుకోండి. యూరిన్ కల్చర్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, రెండు కిడ్నీలకూ అల్ట్రాసౌండ్, యూరిన్ పోశాక లోపల ఎంత మిగిలిందో కొలత, ఇవి ముందు. తర్వాత బహుశా డై టెస్ట్ చేస్తారు. కాథెటర్ (మూత్రం తీసే ట్యూబు) ద్వారా మూత్రాశయంలోకి మెథిలీన్ బ్లూ కలిపిన నీళ్లు ఎక్కించి, యోనిలో ఒకదాని మీద ఒకటిగా మూడు దూది ముక్కలు పెడతారు. కాసేపు నడిపించి తీసి చూస్తారు. పైదో మధ్యదో నీలంగా మారితే మూత్రాశయంలో రంధ్రం. అన్నింటికన్నా కిందిది ఒక్కటే నీలమైతే మూత్రద్వారం వైపు నుంచి లీకేజీ. పైది తడిసి కూడా తెల్లగానే ఉంటే యురేటర్ మీద అనుమానం. ఆ తర్వాత సీటీ స్కాన్, సిస్టోస్కోపీ (మూత్రాశయంలోకి కెమెరా పెట్టి చూడడం) అవసరమా అన్నది చూసే డాక్టరు నిర్ణయిస్తారు. బిడ్డకు పాలిస్తుంటే ఆ సంగతి ముందే చెప్పండి.

మొదటి వారాల్లోనే వచ్చి ఉంటే కొన్ని చిన్న రంధ్రాలు ఆపరేషన్ లేకుండానే పూడేవి. కాథెటర్ పెట్టి నాలుగు వారాలో, కాస్త ఎక్కువో మూత్రాశయాన్ని ఖాళీగా ఉంచితే చాలు. ఐదు నెలలకు ఆ అవకాశం దాదాపు చేజారినట్టే. మీ మీద కోపంతో అనడం లేదు. మీ క్లినిక్‌కు వచ్చిన పేషెంటు ‘నిద్రలో కూడా తడుస్తున్నా’ అంటే ఐదు నెలలు కెగెల్ చేయించేవారా? మొదటి రోజే రిఫర్ చేసేవారు. సొంత ఒంటి దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘కాస్త లీకేజీ’ అయిపోయింది. నా దగ్గరికి ఏళ్ల తర్వాత వచ్చేవాళ్లున్నారు. కుర్చీ చూపిస్తే కూర్చోరు, గోడకు ఆనుకుని నిలబడే మాట్లాడతారు, కుర్చీ తడుస్తుందని. వాళ్లలో ఎవరూ ఏళ్ల తరబడి ఆగుదామనుకుని ఆగలేదు. ఈ నెల చూద్దాం, వచ్చే నెల చూద్దాం అనుకున్నారు, అంతే. ఆపరేషన్ అవసరమని తేలితే కంగారు పడొద్దు. చాలా రంధ్రాలు మూసుకుంటాయి. కాకపోతే మొదటిసారి చేసే ఆపరేషన్‌కే ఫలితం ఎక్కువ, కాబట్టి ఎవరు చేస్తున్నారన్నది వాకబు చేసుకోండి.

ఇప్పుడు మీరు అడిగినది. ఆపరేషన్ తర్వాత ఆ పేషెంట్లకు కాథెటర్ ఉన్నన్ని రోజులూ కెగెల్ చేయించకండి. మామూలుగా అది 7 నుంచి 14 రోజులుంటుంది, సర్జన్ మాటే చివరి మాట. అప్పుడు మీ పనల్లా శ్వాస వ్యాయామాలు, చీలమండల కదలికలు, లేపి నడిపించడం. కాథెటర్ తీశాక, సర్జన్ సరేనన్నాక, మెల్లగా కండరం బిగించి వదలడం మొదలుపెట్టొచ్చు. ముందు కొన్ని సెకన్లు, క్రమంగా పది సెకన్లదాకా. మూత్రం మధ్యలో ఆపి ప్రాక్టీసు చేయమని చెప్పకండి. ఏళ్ల తరబడి నిండని మూత్రాశయం ముడుచుకుపోయి ఉంటుంది. మొదట్లో గంటకోసారి వెళ్లమని, ఆ తర్వాత వ్యవధి పెంచమని నేర్పాలి. రంధ్రం పూడినా కొందరికి దగ్గితే లీకవుతూనే ఉంటుంది, ఆపరేషన్ పాడైందని ఏడుస్తారు. మీ చదువు అక్కడ బాగా అక్కరకొస్తుంది.

ఆపరేషన్‌కు ముందు చేయాల్సిందీ ఉంది. బిడ్డ తల నరాలను నొక్కేయడం వల్ల కొందరికి పాదం వేలాడుతుంది. చాలామందిలో నెలల మీద కోలుకుంటుంది, ఈలోగా పాదాన్ని పట్టి ఉంచే స్ప్లింటు, సాగదీసే వ్యాయామాలు కావాలి. కాళ్లు కదపకుండా ముడుచుకు పడుకుంటే కారడం ఆగుతుందని నమ్మి, మోకాళ్లు అలాగే బిగుసుకుపోయినవాళ్లూ ఉంటారు. నిలబెట్టడానికే వారాలు పడుతుంది.

వార్డులో మంచం మంచానికీ తిరుగుతూ మూడే చూడండి: నీళ్లు తాగుతోందా, ట్యూబులోంచి ధారగా వస్తోందా, పక్క పొడిగా ఉందా. అర్ధరాత్రి ఆమె పక్కకు ఒత్తిగిల్లినప్పుడు ట్యూబు తొడ కింద మడతపడితే చాలు, మూత్రాశయం నిండి కుట్లు తెగిపోవచ్చు. గంటల తరబడి కుట్టిన సర్జన్ నిద్రలో ఉంటారు. ఆ మడత విప్పే మనిషి మెలకువగా ఉండాలి.

ఇంకొకటి. మొదటి రోజే ‘పిల్లలెంతమంది’ అని అడగకండి. ఫిస్టులాకు దారితీసిన కాన్పుల్లో పదింట దాదాపు తొమ్మిదింట్లో బిడ్డ దక్కదు.

మూడు వారాల సేవ గురించి నా అభిప్రాయం చెప్పమంటే చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా 50 వేల నుంచి లక్ష మంది స్త్రీలు ఫిస్టులా బారిన పడుతున్నారు. ఈ రంగంలో అందరూ తలచుకునే క్యాథరిన్, రెజినాల్డ్ హామ్లిన్ దంపతులు 1959లో మూడేళ్ల ఒప్పందం మీద ఇథియోపియా వెళ్లారు. అక్కడే ఉండిపోయారు. 1974లో అడిస్ అబాబాలో ఫిస్టులా ఆసుపత్రి తెరిచారు. రోగిగా వచ్చిన మామితు గాషే అనే పల్లెటూరి అమ్మాయి వాళ్ల దగ్గరే నేర్చుకుని తానే ఆపరేషన్లు చేసే సర్జన్ అయింది. రెజినాల్డ్ పోయాక కూడా క్యాథరిన్ ఆపలేదు. ఎంత కుట్టినా నయం కాని వాళ్లు బతుకుతూ పని నేర్చుకోవడానికి ‘దెస్తా మెందెర్’, అంటే ఆనంద గ్రామం, కట్టారు. రంధ్రాలు కుడుతూ పోతే తరగదని 2007లో మంత్రసానుల కళాశాల పెట్టారు. ఇవేవీ మూడు వారాల పనులు కావు. మీరు వెళ్లేచోట ఒక్కటి అడగండి: నేను తిరిగొచ్చాక ఈ వ్యాయామాలు చేయించేదెవరు? పేరు చెబితే ఆ మనిషికే నేర్పండి, పేషెంట్లకు ఆమె నేర్పుకుంటుంది. చెప్పలేకపోతే మరో చోటు వెతుక్కోండి. మిషన్ ఆసుపత్రిలోనైనా ప్రార్థనలో కూర్చోవడం పేషెంటు ఇష్టం, చికిత్సకు అది షరతు కాకూడదు. తడి బట్టలతో ఉన్న మనిషి ఫొటోలు మాత్రం, ఎవరడిగినా తీయకండి.

మీ సంగతికొస్తే, ఇది ఉత్తరం చదివి ఇచ్చిన సాధారణ సలహా మాత్రమే. మిమ్మల్ని పరీక్షించే డాక్టరు నాతో విభేదిస్తే వారి మాటే వినండి. ఈలోగా చలిజ్వరం, నడుము ఒక పక్క నొప్పి, వాంతులు, యూరిన్ బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లండి. లీకేజీ ఉన్నట్టుండి ఆగినా సరే, స్కాన్ మానొద్దు. రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి, ప్రయాణం గురించి అప్పుడు మాట్లాడదాం. టికెట్లు మాత్రం ఇప్పుడే కొనకండి.